ఆయిల్ పాన్‌కి బెజ్జం పెట్టేముందు...

పోయిన నెల ఇంజన్ ఆయిల్ ఎవరికి వాళ్లు మార్చుకోవడం గురించి రాశాను కదా. అప్పట్నుంచీ అమెరికాలో చదువుకుంటున్న కుర్రాళ్లది ఒకటే ప్రశ్న. ‘అన్నా, గేర్ ఆయిల్ కూడా ఇంతేనా? కింద బోల్టు విప్పితే దిగిపోతుందా?’

దిగిపోతుంది... బోల్టు ఉంటే. చిక్కంతా అక్కడే వచ్చింది.

మన ఊళ్లో స్ప్లెండర్ సర్వీసింగ్ చూడనివాళ్లు ఉండరు. బండికి స్టాండేసి, కింద పాత డబ్బా పెట్టి, పానాతో ఒక్క బోల్టు విప్పుతాడు మెకానిక్. నల్లటి ఆయిల్ బొళబొళా డబ్బాలో పడుతుంది. బోల్టు బిగించి పైనుంచి కొత్త ఆయిల్ పోస్తాడు. మనం టీ తాగి వచ్చేలోపు పని అయిపోతుంది. ఆ బోల్టునే డ్రైన్ ప్లగ్ అంటారు. కారు ఇంజన్లకీ ఇదే ఏర్పాటు. కానీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ దగ్గరకి వచ్చేసరికి కథ మారుతుంది. ముఖ్యంగా పాత అమెరికన్ బళ్లలో చాలావాటికి ఆ ప్లగ్గే ఉండదు.

మరి ఆయిల్ ఎలా మార్చాలి? గేర్‌బాక్స్ అడుగున రేకు పళ్లెం ఒకటి ఉంటుంది. పాన్ అంటారు. దాని చుట్టూ ఉన్న బోల్టులన్నీ విప్పి, పళ్లేన్ని ఆయిల్‌తో సహా కిందికి దించాలి. నా చేతుల మీదుగా ఎక్కువగా వెళ్లేది జనరల్ మోటార్స్ వాళ్ల 4ఎల్60-ఇ గేర్‌బాక్స్. 1990ల నుంచి షెవ్రొలె పికప్పుల్లో, ఎస్‌యూవీల్లో తెగ వచ్చింది. దాని పాన్‌కి పదహారు బోల్టులు. ఆ పాన్ దించితే సుమారు ఐదు క్వార్టుల ఆయిల్ వస్తుంది. క్వార్టంటే లీటరుకి కాస్త తక్కువ. బండి కింద వెల్లకిలా పడుకుని, ముఖానికి మూరెడు దూరంలో, నిండు సాంబారు గంగాళాన్ని ఒంటిచేత్తో దించుతున్నట్టు ఊహించుకోండి. ఏ మూల ముందు వదులైతే ఆ మూల నుంచి జారుతుంది. మోచేతి మీదుగా తిన్నగా చంకలోకే వస్తుంది. బండి అప్పుడే తిరిగొచ్చిందైతే చెయ్యి కాలుతుంది కూడా.

ఇంత రభస ఉన్న పనిని ఎంతమంది చేస్తారు? ఇంట్లో అయితే దాదాపు ఎవరూ చెయ్యరు. షాపుకి వెళితే ఇంజన్ ఆయిల్ కన్నా ఎన్నో రెట్లు బిల్లు అవుతుంది కాబట్టి అక్కడా వాయిదా వేస్తారు. వందరూపాయల బోల్టొకటి లేని పాపానికి వేల డాలర్ల గేర్‌బాక్సులు ఆయిల్ మార్చకుండానే ముసలివైపోతున్నాయి.

కంపెనీ వాళ్లు ఎందుకు పెట్టలేదంటారా? ఒకరకంగా చూస్తే వాళ్ల లెక్క వాళ్లది. ప్లగ్ పెట్టాలంటే పాన్‌కి ఒక నట్టు వెల్డ్ చెయ్యాలి, ఒక ప్లగ్, ఒక వాషర్ కావాలి. ఒక్క బండికి చిల్లర ఖర్చే, లక్షల బళ్లకి లెక్కేస్తే చిల్లర కాదు. పైగా పాన్ దించితేనే లోపలున్న ఫిల్టర్ మార్చడం కుదురుతుంది, ప్లగ్ ఇస్తే జనం ఫిల్టర్ సంగతి మర్చిపోతారు అని ఒక వాదన. ఈ రెండో మాటలో కొంత నిజముంది. మొదటి మాట మాత్రం కొన్నవాడి కోణంలోంచి చూస్తే నాకు మింగుడు పడదు. ఎందుకంటే పాత రోజుల్లో ఇలా లేదు. పూర్తి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పెద్దెత్తున అమ్మకానికొచ్చింది 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లతో. ఆ తరం బళ్లలో చాలావాటికి డ్రైన్ ప్లగ్ ఉండేది. కొన్ని ఫోర్డ్ బళ్లలో అయితే లోపలి టార్క్ కన్వర్టర్‌కి కూడా విడిగా ఒక ప్లగ్ ఇచ్చారు. తర్వాత్తర్వాత ఒక్కొక్కటే తీసేశారు.

అసలు ఆ ఎర్ర ఆయిల్ అంత ముఖ్యమా అంటే, ఇంజన్ ఆయిల్ కన్నా దానికే పని ఎక్కువ. మాన్యువల్ బండిలో మీ ఎడమకాలూ ఎడమచెయ్యీ చేసే పనిని ఇక్కడ ఆ ఆయిలే చేస్తుంది. ఇంజన్ బలాన్ని టార్క్ కన్వర్టర్‌లో చక్రాల వైపు మోసేది అదే. ఒత్తిడితో లోపలి క్లచ్‌లని బిగించి గేరు మార్చేది అదే. ఇవి కాక పళ్లచక్రాలకి తడి, మొత్తానికి చల్లదనం. వేడెక్కేకొద్దీ దాని గుణం చచ్చిపోతుంది. మా టెక్సస్ ఎండల్లో సాయంత్రం ఐదింటి ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ వెళ్లే బండి పరిస్థితి వేరే చెప్పాలా.

మాటలో మాట... ఒకప్పుడు ఈ ఆయిల్లో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. క్లచ్‌లు కుదుపు లేకుండా పట్టుకోవడానికి అది బాగా పనికొచ్చేది. 1970ల మొదట్లో తిమింగలాల్ని కాపాడ్డానికి అమెరికా ఆ నూనెని ఆపేసేసరికి, ఆయిల్ కంపెనీలు పరుగులు పెట్టి కొత్త ఫార్ములాలు వెతుక్కోవాల్సి వచ్చింది. గేరు మారడానికీ సముద్రానికీ లింకేంటని నవ్వకండి, నిజమే.

సరే, అసలు విషయానికి వద్దాం. మా డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఎంఎస్ చదివే ముగ్గురు తెలుగు కుర్రాళ్లు కలిసి 90ల చివరి మోడల్ షెవ్రొలె బ్లేజర్ ఒకటి కొన్నారు. ముగ్గురి పార్ట్ టైం డబ్బులూ అందులోనే ఉన్నాయి. రెండో గేరు నుంచి మూడుకి మారేటప్పుడు ఒక కుదుపు. ‘అన్నా, గేర్‌బాక్స్ పోతే బండి కొన్న రేటు కన్నా రిపేరే ఎక్కువంట కదా’ అని మొహాలు వేలాడేసుకుని వచ్చారు. నిజమే. ఆ వయసు బండికి గేర్‌బాక్స్ విప్పి బాగు చెయ్యాలంటే వేల డాలర్లే. అంటే బండి తుక్కుకే. బండి లేకపోతే మా ఊళ్లో ఉద్యోగానికి వెళ్లడమే కష్టం.

ముందు డిప్‌స్టిక్ తీసి చూశాను. ఇది మీరూ నేర్చుకోండి, పైసా ఖర్చు లేదు. కొత్త ఆయిల్ ఎర్రగా చెర్రీ సిరప్‌లా ఉంటుంది. వాడేకొద్దీ గోధుమ రంగుకి తిరుగుతుంది. నల్లగా ఉండి మాడిన వాసన కొడితే లోపల క్లచ్ పూత కాలిపోయిందని అర్థం. అప్పుడు ఆయిల్ మార్చినా లాభం లేదు. ‘పాత బండికి ఆయిల్ మారిస్తే గేర్‌బాక్స్ చచ్చిపోతుంది’ అని పెద్దవాళ్లు చెప్పే మాట పుట్టింది ఇలాంటి బళ్ల దగ్గరే. అది అప్పటికే చావుబతుకుల్లో ఉంటుంది, నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. బ్లేజర్‌లో ఉన్నది ముదురు గోధుమ రంగే. వాసన లేదు. బతికించొచ్చు.

కానీ ఇక్కడో లెక్క ఉంది. ప్లగ్ ఎందుకు కావాలో ఆ లెక్కే చెబుతుంది. పాన్ దించితే వచ్చేది ఐదు క్వార్టులే. టార్క్ కన్వర్టర్, పైపులు, కూలర్ అన్నీ కలిపితే ఆ గేర్‌బాక్స్ మొత్తం పట్టేది పదకొండు క్వార్టుల పైమాట. అంటే ఒకసారి మారిస్తే లోపల కొత్త ఆయిల్ 45 శాతం కూడా ఉండదు. కొన్నాళ్లు తిప్పి మళ్లీ మారిస్తే 69 శాతం. మూడోసారికి 83. బాగుపడాలంటే రెండు మూడు సార్లు దించాల్సిందే. ప్రతిసారీ పదహారు బోల్టులు, చంకలో ఆయిల్ స్నానం అంటే ఎవరి వల్ల అవుతుంది? అదే ప్లగ్ ఉంటే, మొదటిసారి పాన్ దించి ఫిల్టర్ మార్చేసి, మిగతా రెండుసార్లూ స్ప్లెండర్‌లాగే ఒక్క బోల్టు.

అందుకని ఎలాగూ పాన్ దించుతున్నాం కాబట్టి ప్లగ్ పెట్టేద్దామన్నాను. ప్లగ్ ఉన్న రెడీమేడ్ పాన్ దొరికితే అన్నిటికన్నా అదే మంచిది. పాత అమెరికన్ గేర్‌బాక్సులకి చాలావాటికి దొరుకుతాయి కూడా. అయితే వాళ్లు ఆర్డరు పెట్టింది లోతు ఎక్కువ రకం. బ్లేజర్‌ది లోతు తక్కువ పాన్, దాని ఫిల్టరూ వేరు. లోతు పాన్‌లో పొట్టి ఫిల్టర్ పెడితే అది అడుగుదాకా అందదు. బ్రేకేసినప్పుడు ఆయిల్ ఒక పక్కకి పోగానే ఫిల్టర్ గాలి పీలుస్తుంది. పాన్, ఫిల్టర్ ఎప్పుడూ జంటగానే కొనాలి. దాన్ని వెనక్కి పంపేసి, ఉన్న పాన్‌కే బెజ్జం పెట్టాలని నిర్ణయించాం. వాళ్ల అపార్ట్‌మెంట్ లీజులో పార్కింగ్‌లో రిపేర్లు చెయ్యకూడదని రాసుంది. చాలా అపార్ట్‌మెంట్లలో ఇంతే. అందుకే మా గ్యారేజీలో పని.

పాన్ రేకు చాలా పల్చగా ఉంటుంది. దానికి బెజ్జం చేసి నేరుగా మరలు కోస్తే రెండు చుట్లు కూడా పట్టవు, నాలుగుసార్లు విప్పేసరికి ఊడిపోతాయి. కాబట్టి రెండే దారులు. వెల్డింగ్ తెలిసినవాళ్లు మందపాటి నట్టుని పాన్‌కి వెల్డ్ చేస్తారు. చేస్తే ఇదే గట్టి పని. కాకపోతే వేడికి పల్చటి రేకు వంకరపోతుంది. అంచులు సమంగా లేకపోతే గ్యాస్కెట్ పట్టదు, జన్మంతా కారుతూనే ఉంటుంది. అంచుల్ని దేనికైనా బిగించి, కొంచెం కొంచెంగా చల్లారనిస్తూ చేసేవాడి చేతికే ఇవ్వాలి. రెండోది డ్రైన్ ప్లగ్ కిట్. మర కోసిన గొట్టంలాంటి ముక్క బెజ్జంలోంచి దూరుతుంది. లోపలొక నట్టు, బయటొక తల, మధ్యలో వాషర్లు రేకుని రెండువైపులా పట్టుకుంటాయి. ఆ ముక్క మధ్యలోకి చిన్న ప్లగ్ బిగుస్తుంది. మేం చేసింది ఇదే.

బెజ్జం ఎక్కడ పెట్టాలన్నది డ్రిల్లు పట్టుకోవడం కన్నా పెద్ద విషయం. అడుగున ఉండాలి, చదునుగా ఉండాలి. లోపల పైకి లేచే నట్టు ఫిల్టర్‌కి తగలకూడదు, అయస్కాంతం కూర్చునే చోటు కాకూడదు. బయట సైలెన్సర్ పైపుకీ, అడ్డంగా ఉండే చట్రం కమ్మీకీ తగలకూడదు. రోడ్డు మీద రాయి లేచి కొట్టినా నేరుగా తగలని చోటు కావాలి. లోపలి సందు కొలవడానికి నాదో మొరటు పద్ధతి ఉంది. పిల్లలు ఆడుకునే క్లే ముద్దని బెజ్జం పెట్టాలనుకున్న చోట ఉంచి, పాన్‌ని గ్యాస్కెట్‌తో సహా పైకి పెట్టి నాలుగు బోల్టులు తేలిగ్గా పట్టించి మళ్లీ దించాలి. ముద్ద ఎంత మందంలో నొక్కుకుందో అంతే అక్కడి సందు. నట్టు ఎత్తు దానికన్నా బాగా తక్కువుండాలి. క్లే లేకపోతే చపాతీ పిండి చాలు, కానీ తర్వాత శుభ్రంగా తుడవండి. మా బ్లేజర్‌లో వెనక మూల దొరికింది.

పాన్ బండికి ఉండగానే కింద నుంచి డ్రిల్ చేస్తామనేవాళ్లు కూడా ఉన్నారు. దయచేసి వద్దు. డ్రిల్లు ఒక్కసారి లోపలికి జారితే ఫిల్టర్ చిరుగుతుంది. రజను అంతా లోపలే పడుతుంది. గేరు మార్చే వాల్వులు కదిలే సందు వెంట్రుక మందం కన్నా తక్కువ. అక్కడ ఇనుప రజను ఇరుక్కుంటే గేరు మధ్యలో ఆగిపోతుంది. ఆయిల్ మార్చకపోతే గేర్‌బాక్స్ పదేళ్లకి పోయేది, రజను పడితే పది రోజులకే పోతుంది.

పాన్‌ని పూర్తిగా కడిగి, చెక్కదిమ్మ మీద బోర్లించి, పంచ్‌తో చిన్న గుంట కొట్టాం. ముందు సన్నటి బెజ్జం, తర్వాత కొంచెం లావు, అలా మెట్లు మెట్లుగా కిట్ మీద రాసిన కొలతదాకా. తొందరపడి ఒకేసారి లావు డ్రిల్లు పెడితే పల్చటి రేకు చిరిగి మూడు మూలల బెజ్జం వస్తుంది, అప్పుడు వాషర్ పట్టదు. అంచుల్లో లేచిన ముళ్లని ఆకురాయితో రెండు పక్కలా నునుపు చెయ్యాలి. తర్వాత బ్రేక్ క్లీనర్‌తో కడగడం, తెల్లగుడ్డతో తుడవడం. గుడ్డ మీద మెరుపు కనిపించినంతసేపూ కడుగుతూనే ఉండాలి. మావాళ్లలో ఒకడికి విసుగొచ్చింది. అయినా మూడుసార్లు కడిగించాను.

పాన్‌లో ఒక అయస్కాంతం ఉంటుందన్నాను కదా. దానికి బూడిదరంగు మెత్తటి పేస్టు అంటుకుని ఉంటే భయపడక్కర్లేదు, అది మామూలు అరుగుదలే. చేతికి గుచ్చుకునే ముక్కలు కనిపిస్తే మాత్రం ప్లగ్ పని అక్కడే ఆపేసి, డబ్బు దాచుకోండి. మాకు కనిపించింది పేస్టే.

కిట్ బిగించాక వెంటనే బండికి ఎక్కించలేదు. ప్లగ్ పెట్టి, పాన్‌లో కొంచెం ఆయిల్ పోసి, కింద పాత పేపర్ పరిచి రాత్రంతా వదిలేశాం. పొద్దున పేపర్ మీద మరక లేదు. కారేదేదో టేబుల్ మీదే కారితే గొడవ లేదు, హైవే మీద కారితేనే గొడవ. ఇక ఎక్కించేటప్పుడు పదహారు బోల్టుల్నీ మధ్య నుంచి చివరలకి ఎదురెదురుగా బిగించుకుంటూ పోవాలి. ఈ పాన్ బోల్టులకి కంపెనీ చెప్పిన బిగువు 11 న్యూటన్ మీటర్లే. చాలా తక్కువ. ‘ఇంకో పట్టు పడదాం’ అని బలం చూపిస్తే అంచు వంగి అక్కడే కారుతుంది. గ్యాస్కెట్‌కి తోడు సిలికాన్ పేస్టు రాయడం మనవాళ్లకి మహా సరదా. అది పిండుకుని లోపలికి ఊడితే ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది. వద్దు.

ఆయిల్ విషయంలో బండి పుస్తకం ఏం చెబితే అదే. ఈ గేర్‌బాక్స్‌కి డెక్స్‌రాన్ రకం. టొయోటా, హోండాలకి వాళ్ల ఆయిల్ వేరే. డిప్‌స్టిక్ గొట్టంలో పొడుగు గరాటు పెట్టి, దిగినదానికన్నా కొంచెం తక్కువ పోసి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, బ్రేకు తొక్కిపట్టి గేర్లన్నీ ఒకసారి తిప్పి పార్క్‌లో పెట్టి, వేడెక్కాక కొలత చూసి మిగతాది పోశాం. ఎక్కువైతే నురగ కడుతుంది, అదీ నష్టమే.

ఫలితం ఉన్నదున్నట్టు చెబుతాను. మొదటిసారికి పెద్ద తేడా లేదు. రెండు వారాలు తిప్పి ప్లగ్ విప్పి మళ్లీ మార్చారు, ఈసారి నా సాయం లేకుండా. తర్వాత ఇంకోసారి. మూడోసారి దిగిన ఆయిల్ దాదాపు ఎర్రగానే ఉందని వీడియో పంపారు. కుదుపు బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. అరిగింది అరిగిందే కదా.

ఆ ప్లగ్ విప్పేటప్పుడు రెండు పానాలు వాడాలి. ఒకదాంతో బయటున్న పెద్ద తలని కదలకుండా పట్టుకుని, రెండోదాంతో చిన్న ప్లగ్ తిప్పాలి. లేకపోతే కిట్ మొత్తం తిరిగి లోపలి నట్టు వదులవుతుంది. బండి కింద దూరేటప్పుడు జాకీని నమ్మొద్దు. జాకీతో లేపి, స్టాండ్ల మీద కూర్చోబెట్టి, ఒకసారి గట్టిగా ఊపి చూసి అప్పుడు దూరండి. ప్లగ్ వచ్చింది కదాని ఫిల్టర్‌ని జీవితాంతం వదిలెయ్యొద్దు, అప్పుడప్పుడూ పాన్ దించక తప్పదు.

అందరికీ ఈ పని అక్కర్లేదు. హోండా కార్లకి గేర్‌బాక్స్ డ్రైన్ ప్లగ్ ముందే ఉంటుంది, 3/8 అంగుళాల రాచెట్ నేరుగా దూరే చదరపు గుంటతో. క్యామ్రీ, కరోలాలకి కూడా ఉంటుంది. కొన్ని జర్మన్ బళ్లకి ఫిల్టర్‌తో కలిసిన ప్లాస్టిక్ పాన్ వస్తుంది, దానికీ ప్లగ్ ఉంటుంది. వాటికి డ్రిల్లు పెట్టొద్దు. బెజ్జం పెట్టే ధైర్యం లేనివాళ్లు డిప్‌స్టిక్ గొట్టంలోంచి చేతిపంపుతో పాత ఆయిల్ లాగెయ్యొచ్చు. నెమ్మదిగా సాగుతుంది కానీ పని జరుగుతుంది.

ఇండియాలో చదివేవాళ్ల మాట కూడా చెప్పాలి. 2014లో సెలెరియోతో మొదలుపెట్టి మన దగ్గర చవక కార్లలో వచ్చిన ఏఎంటీ అసలు ఈ జాతే కాదు. అది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పనీ గేరు మార్చే పనీ ఒక యంత్రం చేస్తుందంతే. సీవీటీది ఇంకో లోకం, దాని ఆయిల్ కూడా వేరు. మీ ‘ఆటోమేటిక్’ వీటిల్లో ఏదో ముందు పుస్తకంలో చూసుకోండి.

పాత ఆయిల్‌ని డ్రైనేజీలో పొయ్యకండి. అమెరికాలో చాలా ఆటో పార్ట్స్ షాపులు ఊరికే తీసుకుంటాయి. పాల క్యాన్లలో నింపి మూత గట్టిగా పెట్టి తీసుకెళ్లండి. అందులో కూలెంట్ కలిపితే మాత్రం తీసుకోరు.